బెల్లం అద్దిన ఆకు

ఆకు నలిపితే చాలు, ఆ ఘాటు వాసన సాయంత్రం దాకా వేళ్లను వదలదు. నర్సీపట్నం దగ్గర వరాహ నది ఒడ్డున పార్కుగా మార్చిన అడవిలో, పరాయి మొక్కలు ఎంతమేర అల్లుకున్నాయో రాసుకునే వాలంటీర్లలో ఈ ఏడాది నేనూ చేరాను. మిగతావాళ్లంతా కాలేజీ పిల్లలు. వాళ్లు లంటానా అనే ఈ పొదను చిన్నప్పుడు మేము తలంబ్రాల చెట్టు అనేవాళ్లం.

అప్పట్లో ఈ గట్టంతా మెత్తని గడ్డి, మధ్యమధ్య ఏటికొప్పాక బొమ్మలకు కర్రనిచ్చే అంకుడు చెట్లు. చలికాలం చెరకు ఆడే రోజుల్లో గాలి నిండా ఉడుకుతున్న బెల్లం వాసన, కాళ్ల కింద మంచుకు తడిసిన చెరకు పిప్పి, మూతి చుట్టూ బంకలా అంటిన పాకం. ఆ రోజుల్లోనే పక్కింటి సూరమ్మ పిన్ని కూతురు గౌరి, నేను లక్క బొమ్మలకు పెళ్లి చేసేవాళ్లం. పసుపూ గులాబీ కలిసిన ఆ చిన్న పూలే తలంబ్రాలు. అవి చేతికందేలా ఉండాలని రోడ్డు పక్కనుంచి కొమ్మలు విరిచి తెచ్చి ఈ గట్టున గుచ్చింది నేనే.

ఒక పెళ్లిలో, గౌరి అటుకుల కోసం ఇంటికెళ్లినప్పుడు, గుంజకు కట్టిన వాళ్ల చూడి మేకకు విందు పెట్టాలనిపించింది. తలంబ్రాల ఆకు అందిస్తే, అది వాసన చూసి మొహం తిప్పేసుకుంది. నేను బెల్లం పాకం అద్ది, గుప్పెడు తర్వాత గుప్పెడు తినిపించాను. నాలుగు రోజులకు మేక చచ్చిపోయింది.

"ఆటల్లో పడి మేకనొగ్గీసినావు, ఆ పాడాకు మేసీసింది!" అంటూ పిన్ని చీపురు తిరగేసి గౌరిని కొడుతుంటే, నేను మా అరుగు మీద చెరకు ముక్క నములుతూనే ఉన్నాను.

మొన్న మేం టేపుతో పొదను కొలుస్తుంటే గౌరి గడ్డిమోపుతో అటు వచ్చింది. ఇదెలా వచ్చిందని పిల్లలు అడిగారు.

"ఎవుడు నాటినాడో గానీ, ఆడి పెళ్లికి ఈ పూలే జల్లాల!" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు సిగ్గేసి, అక్కడే, పిల్లల ముందే చెప్పేశాను: కొమ్మలు, బెల్లం, మేక.

గౌరి మోపు దించలేదు. "మా అమ్మ పోయీదాకా నాకు మేకని అప్పసెప్పలేదన్నయ్యా. ఆవిడున్నప్పుడు ఒక్క ముక్క సెప్పలేకపోనావేటి?"

ఆమె ఇంటిదారి పట్టింది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఈ పొద అల్లుకున్నాక గట్టున గడ్డి మిగల్లేదు కదా, మోపు గడ్డి కోసం ఏరు దాటి వెళ్లి వస్తోంది.