వెళ్ళొస్తామండీ

మొన్న నేను కంటి శుక్లం ఆపరేషను చేయించుకుని ఆసుపత్రి నుంచి బయల్దేరుతుంటే, మా కోడలు నర్సమ్మతో నవ్వుతూ "వెళ్ళొస్తామండీ" అంది. పాపం, మర్యాదకే అంది, కానీ నేను ఉలిక్కిపడ్డాను. ఎవరింటి నుంచి కదిలినా 'వెళ్తాను' అనకూడదనీ, 'వెళ్ళొస్తాను' అనే అనాలనీ, ఆసుపత్రిలో మాత్రం ఆ మాట పొరపాటున కూడా రానివ్వకూడదనీ నా ఈడు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

తొంభైల చివర్లో మా తమ్ముడు కామెర్లు ముదిరి రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో పడ్డాడు. వాడికి పెళ్ళై ఏడాది తిరగలేదు. కాలేయం బాగా పాడైందని డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు, నేను అమ్మకి చెప్పాను, అమ్మ వినిపించుకోలేదు. తెల్లారేసరికి గోదావరిలో మునిగి, తడిబట్టలతోనే గట్టు మీది గుళ్ళన్నీ తిరిగి, కనబడిన ప్రతి దేవుడికీ ఏదో ఒకటి మొక్కుకుని వచ్చేది. అన్నిటికన్నా పెద్ద మొక్కు అన్నవరానిది, వాడూ వాడి భార్యా కొండ మీద పీటల మీద కూర్చుని వ్రతం చేసుకుంటారని. వాడేమో మంచం మీంచే, "నేను లేచాక ఉద్యోగం మానేసి నీ మొక్కులు తీరుస్తూ తిరగాలేమోనే అమ్మా" అని నవ్వించేవాడు. నేనూ వరండాలో కూర్చుని కళ్ళు మూసుకునేదాన్ని, కానీ దేవుడి రూపం బదులు వాడి పసుపు పచ్చని కళ్ళే కనబడేవి.

కొన్నాళ్ళకి ఆ పసుపు తగ్గింది, రెండు ముద్దలు తిన్నాడు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. నేను నిజంగా నమ్మాను, దేవుడు అమ్మ మొర ఆలకించాడనే నమ్మాను. వార్డు గుమ్మంలో అమ్మ అక్కడి నర్సమ్మ రెండు చేతులూ పట్టుకుని, జన్మంతా అలవాటైన మర్యాద కొద్దీ "వెళ్ళొస్తామండీ" అనేసింది. అన్న మరుక్షణం చేత్తో నోరు మూసుకుంది. తమ్ముడు నవ్వేశాడు.

నెల తిరక్కుండా వాణ్ణి మళ్ళీ అదే వార్డుకి తెచ్చాం. ఈసారి వాడు ఇంటికి రాలేదు.

అమ్మ దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. అంతా తన నోటివల్లే జరిగిందంది. రోగం ముందే ముదిరిందని ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. కన్నతల్లి అన్నాళ్ళు ఏడ్చి అడిగింది వినని దేవుడికి, నోరుజారిన ఆ ఒక్క మాటే వినబడిందా? ఆ తర్వాత అమ్మ పోయేదాకా, దీపం ముందు కూర్చున్నప్పుడల్లా పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చునేది. ఏం అడుగుతున్నావమ్మా అంటే, "ఏమీ అడగట్లేదే, ఏదైనా అనేస్తానేమోనని భయం" అంది.

ఇప్పుడు ఆసుపత్రులు అద్దాల మేడలయ్యాయి, అన్నవరం కొండ మీదికి కార్లు వెళ్తున్నాయి, కామెర్లకి మంచి మందులొచ్చాయంటున్నారు. మనవడికి జ్వరం వస్తే నేనూ దీపం వెలిగించి చేతులు జోడిస్తాను. దేవుడు వింటాడనుకుంటే అమ్మ అన్న ఆ మాటా విన్నట్టే, వినడనుకుంటే ఇంక అడగడం దేనికి? ఈ రెండింట్లో ఏదీ ఒప్పుకోలేక, అడగడానికి నోరు రాక, దీపం కొండెక్కేదాకా అలాగే కూర్చుంటాను.