మూగ వీడియోల లెక్కల మేడం

మంగళవారం రెండో పీరియడ్. తొమ్మిదో తరగతిలో టీవీ మీద మా లెక్కల మేడం చేసిన వీడియో నడుస్తోంది. సన్నటి గ్లాసులోని నీళ్ళను ఆమె చేతులు వెడల్పాటి గిన్నెలోకి వంచుతున్నాయి. నా ఫోనును టీవీకి కలిపి వీడియోలు చూపిస్తాను కాబట్టి, ఫోనుకు ఏ మెసేజి వచ్చినా తెర పైభాగాన కనబడుతుంది. మా హెడ్మాస్టరు టీచర్ల గ్రూపులో కన్నడంలో పెట్టిన రెండు లైన్లు అట్లే వచ్చి పడ్డాయి. తెర మీద ఏమొచ్చినా గట్టిగా చదవడం మా పిల్లల అలవాటు. ముందు బెంచీ వాళ్ళు చదవడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయారు. లెక్కల మేడం ఆ పొద్దున బళ్ళారి ఆసుపత్రిలో చనిపోయారన్న సంగతి నాకంటే ముందు వాళ్ళకే తెలిసింది. నేను ఫోను అందుకునేలోపు మెసేజి మాయమైంది. మేడం చేతులు మాత్రం నీళ్ళు పోస్తూనే ఉన్నాయి.

ఇది జరిగి ఇంకా నెల కాలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. ఈ నాలుగు మాటలు రాయడానికే ఎన్నిసార్లు కూర్చుని లేచానో.

కర్ణాటకలో కుడతిని పక్కనున్న మా సర్కారీ హైస్కూల్లో ఆమె ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి, పోయిన సంవత్సరమే రిటైరయ్యారు. బళ్ళారిలో పాత మిషన్ చర్చికి చెందిన కుటుంబం ఆమెది. పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలితో ఉండేవారు. నడక మహా వడి. చేతిసంచిలో దారపు ఉండ, కొలత టేపు, రెండు నిమ్మకాయలు, వృత్తాలు గీయడానికి పాత గాజులు ఎప్పుడూ ఉండేవి. పిల్లలు ఏ జవాబు చెప్పినా, "అట్లనా? ఎందుకు?" అనేవారు. తప్పు జవాబుకీ అదే మాట, ఒప్పు జవాబుకీ అదే మాట. కొత్తగా చేరిన పిల్లలు తప్పేమోనని భయపడి సరైన జవాబును కూడా మార్చేసుకునేవాళ్ళు. "నిలబడప్పా! నేనడిగితే కూలిపోతే అదేం జవాబు?" అని మేడం నవ్వేవారు.

నేను సైన్సు టీచరుగా చేరిన ఏడాదే తరగతిలోకి టీవీ వచ్చింది. పోర్షన్ వెనకబడి ఉంది. నెట్లో దొరికిన అరగంట వీడియో పెట్టేస్తే పాఠం అయిపోయినట్టే అనుకునేదాన్ని. ఒకరోజు మేడం వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. వీడియో మధ్యలో ఒక పిల్ల ఏదో అడగబోతే, "ష్, చూడు" అని కూర్చోబెట్టాను. పీరియడ్ అయ్యాక మేడం నన్ను వరండాలో పట్టుకున్నారు.

"పాపా, ఈ పొద్దు పాఠమెవరు చెప్పినారు?"

"వీడియోలో చెప్పినారు గదా మేడం."

"మరి నువ్వేం చేస్తాంటివి?"

"పిల్లోళ్ళు గలాటా చేయకుండా చూసుకుంటాంటి."

"వాచ్‌మన్ పనికి బీఎడ్ యాల పాపా?" అని సంచి భుజానేసుకుని వెళ్ళిపోయారు.

వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు నేను. ఎదురుపడితే నోటీసుబోర్డు చదువుతున్నట్టు నిలబడేదాన్ని.

మా తరగతి కిటికీలోంచి చూస్తే కరెంటు తయారుచేసే ప్లాంటు కూలింగ్ టవర్ల మీద తెల్లటి మేఘంలాంటిది లేస్తూ కనబడుతుంది. ఆ వారంలోనే పిల్లలు దాన్ని పొగ అన్నారు. "పొగ కాదు, నీటి ఆవిరి" అని రాయించి ముందుకు పోయాను. పక్క గదిలో మేడం విన్నట్టున్నారు. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో టీ కోసం కెటిల్ పెట్టి, మా మధ్య ఏమీ జరగనట్టే పిలిచారు.

"పాపా, ఫోను తీసి ఈ కెటిల్ మూతిని వీడియో తియ్యి. ఏం కనిపిస్తాండాది?"

"తెల్లగా ఆవిరి."

"మూతికి ఆనుకోనే వస్తాండాదా?"

దగ్గరికి వంగి చూశాను. మూతికీ ఆ తెలుపుకీ మధ్య వేలెడంత జాగాలో ఏమీ లేదు.

"ఆడ ఖాళీ ఉండాది మేడం."

 మేడం ఒక స్టీలు చెంచా తీసుకుని సరిగ్గా ఆ ఖాళీలో పెట్టారు. క్షణంలో చెంచా నిండా నీటి చుక్కలు.

"ఖాళీలో నీళ్ళు యాడివి?"

ఫోను పట్టుకున్న నా చెయ్యి దిగిపోయింది. ఆవిరి కంటికి కనబడదు. ఆ ఖాళీ అనుకున్నదే ఆవిరి. తెల్లగా కనబడేది అది చల్లబడి చిన్న చిన్న నీటి తుంపరగా మారాక. టవరు మీద మేఘమూ అంతే. చదువుకున్నదాన్నే, ఎప్పుడూ చూడలేదు. తరగతి మొత్తానికి తప్పు రాయించాను.

"ఇప్పుడేం చేసేది మేడం?"

"చేసేదేముంది? ఈ వీడియో పెట్టు. నేను తప్పు చెప్పినాను, యాడ తప్పో పట్టుకోండి అను. టీచరు తప్పు పట్టే ఛాన్సు పిల్లోళ్ళకు దినామూ దొరుకుతాదా?"

రాత్రంతా సిగ్గుతో నలిగిపోయాను. తెల్లారి వీడియో పెట్టి, చెంచా రాకముందే ఆపాను. ఆ ఖాళీలో ఏముందో చెప్పమన్నాను. గాలి అన్నారు, వేడి అన్నారు, ఏమీ లేదన్నారు. కొట్టుకున్నంత పని చేశారు. చెంచా చూపించాక, నేను ఆ రోజు నోరు మూయించిన పిల్లే లేచింది.

"మిస్, అట్లయితే మీరు రాయించింది..." అని భయపడి ఆగింది.

"తప్పు," అన్నాను.

 తరగతి మొత్తం కిటికీ మీద పడింది. అంతకుముందు దినామూ చూస్తున్న టవర్లనే కొత్తగా చూస్తూ, ఒకరినొకరు తోసుకుంటూ వాదించుకున్నారు. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైనా, పాఠం చెప్పినట్టు నాకనిపించింది ఆ రోజే.

అప్పటినుంచి మేమిద్దరం కలిసి వీడియోలు చేశాం. చేతులు ఆమెవి, ఫోను నాది. మూడు నిమిషాలు దాటకూడదు. జవాబు రాబోయే ముందు ఆపేందుకు వీలుండాలి. అన్నిటికంటే ముఖ్యం, శబ్దం తీసెయ్యాలి. ఎందుకని అడిగాను. మా పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు, కన్నడం వాళ్ళున్నారు, ఉర్దూ వాళ్ళున్నారు. పుస్తకం కన్నడం, నెట్లో దొరికేది ఎక్కువ ఇంగ్లీషు.

"వీడియో మూగదైతేనే పిల్లోళ్ళకు నోరొస్తాది పాపా. వాళ్ళకొచ్చిన మాటలో వాళ్ళనే చెప్పుకోనీ."

అందుకే ఇప్పుడు నా దగ్గర ఆమె చేతులున్న వీడియోలు ఎన్నో ఉన్నాయి. గొంతు ఒక్కదాంట్లోనూ లేదు. సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే కూడా నా తలలో ఆ ఫైళ్ళే తిరిగాయి. ఇంటికొచ్చి అన్నీ తెరిచాను. ఎక్కడైనా ఒక్కమాట మిగిలిపోయిందేమోనని వెతికాను. శుభ్రంగా తీసేశాం.

ఆమెకు ఎప్పటికీ కుదరని వీడియో ఒకటుంది. మూడును సగంతో భాగిస్తే ఆరు. భాగిస్తే తగ్గాలి గదా, ఎందుకు పెరిగిందని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. కాగితాలతో చేశారు, దారం ముక్కలతో చేశారు. "నాకే నచ్చలేదు, వాళ్ళకేం నచ్చుతాది?" అని నాలుగుసార్లు తీసేయించారు. రిటైరయ్యాక ఫోన్ చేశారు.

"పాపా, జొన్నరొట్టెలతో చేద్దాం. మూడు రొట్టెలు, మనిషికి సగం, ఎంతమందికి వస్తాది? ఆదివారం చర్చి అయినాక వస్తావా?"

వస్తానన్నాను. ఆ ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దాల్సి వచ్చింది. రెండో ఆదివారం తోరణగల్లులో బంధువుల పెళ్ళి. మూడో ఆదివారం ఏ పనీ లేదు. అలసటగా ఉందని పడుకున్నాను. పోలేకపోయానని ఫోన్లో చెబితే, "పర్వాలేదు పాపా, సుమ్నే, ఊరికే అడిగినా" అన్నారు. ఒంట్లో బాగాలేదని చెప్పలేదు. నేను అడగలేదు కూడా. మొదటి రెండు ఆదివారాలకు నాకు జవాబుంది. మూడోదానికి లేదు. అదే నన్ను కూర్చోనివ్వడం లేదు.

అంత్యక్రియలైన మూడో రోజు వాళ్ళ చెల్లెలు నన్ను పిలిచి మేడం ఫోను చేతిలో పెట్టింది. "అక్క నీకు పంపాలని తీసిందమ్మా. సరిగా రాలేదని పంపలేదు."

పళ్ళెంలో మూడు జొన్నరొట్టెలు. తెరలో ఒక్క చెయ్యే ఉంది, రెండో చేత్తో ఫోను పట్టుకున్నారు కాబట్టి. ఆ ఒంటి చెయ్యి బొటనవేలితో రొట్టెను నొక్కి విరవడానికి చూస్తోంది. బొమ్మ అదురుతోంది. రొట్టె వంకరగా విరిగింది, ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది. చెయ్యి ఆ ముక్కల్ని దగ్గరికి జరిపి, కాసేపు అట్లే ఆగిపోయింది. ఆమె ఊపిరి వినబడుతోంది. చివర్లో, "ఛ, సగం కాలేదే," అన్నారు. అంతే. వీడియో అయిపోయింది.

దాన్ని పిల్లలకు చూపించాలా వద్దా అని ఎన్ని రోజులు కొట్టుకున్నానో. పోయిన శుక్రవారం, మధ్యాహ్నం భోజనానికి ముందు పీరియడ్‌లో పెట్టాను. శబ్దం తీయలేదు. ఆమె గొంతు విని పిల్లలు బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. అయిపోయాక వెనకనుంచి ఒక పిల్ల అంది.

"ఎవురన్నా ఫోను పట్టుకునుంటే, మేడం రెండు చేతుల్తో తుంచుందురు మిస్."

"నేను పట్టుకోవాల్సింది," అన్నాను. "రమ్మన్నారు. నేను పోలేదు."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. పిల్లలు నన్ను ఓదార్చలేదు. వాళ్ళకు అది తెలియదు, మంచిదే అయింది. ముందు బెంచీలో అమ్మాయి తన టిఫిన్ డబ్బా తెరిచి రొట్టె తీసింది. పక్కవాళ్ళు ఇంకో రెండు తెచ్చారు. రెండు చేతుల్తో సగానికి తుంచి, తలా ఒకటి పంచి, తెలుగులో ఒకరు, కన్నడంలో ఒకరు ఆరుదాకా లెక్కపెట్టారు. "రొట్టెలు పెరగలేదప్పా, ముక్కలు పెరిగినాయి," అని ఒకడు అరిచాడు. మేడం ఉంటే వాణ్ణి అంత సులువుగా వదిలేవారు కాదు. నేనే అడిగాను, "అట్లనా? ఎందుకు?" అని. నా గొంతు నాకే వేరేగా వినబడింది.

బెల్లయింది. అందరూ పళ్ళేల కోసం పరిగెత్తారు. వెనక బెంచీలోని ఆ పిల్ల మాత్రం లేవలేదు. తన సగాన్ని సగం చేసింది, దాన్ని మళ్ళీ సగం చేసింది, ఆ ముక్కను గోటితో ఇంకా తుంచింది. చివరికి వేలికొస మీద జొన్నపిండి నలుసు ఒకటి మిగిలింది. దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తూ అడిగింది.

"మిస్, దీన్ని ఇంకా తుంచొచ్చునా?"