మీకు కరెంటు ఉన్నదా?

కరెంటు పోగానే మా వైపు అందరూ ముందు ఫోన్ తీస్తారు. ఎవరికి చేసినా అడిగేది ఒకటే: "మీకున్నదా?" అవతలివాళ్లు "లేదు" అంటే లైను మొత్తం పోయిందని అర్థం. ఇక ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. "ఉన్నది" అంటే మాత్రం మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిందన్నమాట. లైన్‌మన్ వచ్చి తీగ వేస్తే కాసేపట్లో వచ్చేస్తుంది. నేను కరెంటు ఆఫీసులో పనిచేస్తూ కూడా ఇంతకంటే నమ్మకమైన పద్ధతి చూడలేదు.

మా అక్క ఈ మాట మా తమ్ముణ్ని అడిగేది. అక్క వాళ్లది ఎల్లారెడ్డి దాటి లోపలికి పోతే వచ్చే ఊరు, లైనుకు చిట్టచివర ఉంటుంది. తమ్ముడు ఎల్లారెడ్డిలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు, ఇల్లూ అక్కడే. ఇద్దరిదీ ఒకే లైను. మధ్యదాన్నయిన నేను కామారెడ్డి ఆఫీసులో, ఏ ఊరికి కొత్త లైను వేయాలి, ఎక్కడ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి అని ప్రతిపాదనలు రాస్తుంటాను.

కరెంటు కంపెనీ పెట్టుబడి అంతా సాయంత్రం కోసమే. పొద్దుగూకేసరికి అందరూ ఇల్లు చేరి లైట్లు, ఫ్యాన్లు, టీవీలు ఒక్కసారిగా వేస్తారు. ఆ కాసేపటి బరువు మోయడానికి స్తంభాలు, తీగలు కావాలి. మిగతా రోజంతా అవి ఊరికే నిలబడి ఉన్నా సరే. అక్క వాళ్ల వైపు ఆ బరువు పెరుగుతోందనీ, పాత లైను మోయలేకపోతోందనీ చెప్పి చెప్పి నా గొంతు పోయాక రెండో లైను మంజూరైంది. లారీ వచ్చి రోడ్డు పక్కన స్తంభాలు దించింది. కూలీలు ఊరిదాకా గుంతలు తవ్వారు.

అందరికంటే సంతోషపడింది మా బావ. ఎడారి దేశంలో ఏళ్ల తరబడి రాళ్లు కోసి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకొని తిరిగొచ్చిన మనిషి. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ నడుస్తుంటేనే ఆయనకు గాలి ఆడేది. అది బుస్సుబుస్సుమంటుంటే పక్కనే చాట ఒళ్లో పెట్టుకొని అక్క బీడీలు చుట్టేది. కరెంటు పోతే మిషన్ కీచుమని అరుస్తుంది. అప్పటి కోసం చిన్న సిలిండర్ ఒకటి ఉండేది. అందులో గాలి ఎల్లారెడ్డి దవాఖానకు చేరేదాకానే సరిపోతుంది.

ఇంటికి ఒక బ్యాటరీ పెట్టించుకుందామని అక్క చాలాసార్లు పోరింది. బావ వినలేదు. "స్తంభాలు పడ్డయి సూడు మరదలా," అన్నాడు నాతో, గడప దగ్గర కుర్చీలో కూర్చొని రోడ్డు వైపు చేయి చూపిస్తూ. "ఇంక గా బ్యాటరీ మనకెందుకు? మీ అక్కకు సమజ్ చేసి చెప్పు."

తమ్ముడికి అంత ఓపిక లేదు. ఇంటి మీద సోలార్ పలకలు వేయించి, గోడకు బీరువాలో సగమంత బ్యాటరీ బిగించాడు. దానికి బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టి నాకు ఫోటో పంపాడు. పగలంతా ఎండ తాగి, సాయంత్రం ఇల్లు నడుపుతుందట. "ఇంక మీ కంపెనీతోని నాకేం పనిలేదు చిన్నక్కా," అన్నాడు. "గింత మిడిసిపడకురా, వానకాలంల మళ్ల మా కాళ్లకాడికే వస్తవు," అన్నాను. రాలేదు. వాణ్ని చూసి ఆ వీధి, వీధిని చూసి బట్టల దుకాణాలు, ప్రైవేటు దవాఖానలు, అందరూ పెట్టించుకున్నారు. అదివరకు కరెంటు పోగానే మాకు ఫోన్లు చేసి మా తాతముత్తాతలను కూడా వదలకుండా తిట్టింది వీళ్లే.

ఆఫీసులో ఫోన్ల మోత తగ్గింది. మొదట ప్రాణం హాయిగా అనిపించింది. తరువాత, ఎల్లారెడ్డి వైపు సాయంత్రపు వాడకం నెలనెలా దిగిపోతుండటం మా పైఅధికారి కంటబడింది. "వాడకం తగ్గుతుంటే కొత్త లైన్ ఎందుకమ్మా?" అన్నాడాయన. "రేపు ఆ పల్లెల వాళ్లు కూడా బ్యాటరీలు పెట్టుకుంటారు. అప్పుడు మన తీగల మీద కాకులు వాలాలి." ఆయన చెడ్డవాడు కాదు. కొత్త లైను మీద పోసిన డబ్బు తిరిగి రావాలంటే ఏళ్లూ పూళ్లూ పడుతుంది. దాని మీద కరెంటు పారకపోతే నష్టమంతా కంపెనీ నెత్తినే. కానీ ఆయన చూస్తున్నది లైను మొదట్లో మీటరు చూపే మొత్తం లెక్క. చివరి ఊళ్ల వాడకం అందులో కనపడనంత చిన్నది. నేను వాదించాను, బల్ల మీద చరిచి అరిచాను కూడా. ఆయన నాకు టీ తెప్పించాడు.

లారీ మళ్లీ వచ్చి స్తంభాలు ఎక్కించుకొని పోయింది. గుంతలు మాత్రం ఊరిదాకా వరసగా అలాగే ఉండిపోయాయి. మేకలు పడకుండా ఎవరో వాటి మీద తుమ్మకంప కప్పారు. బావ ఫోన్ చేసి, "మళ్ల తెస్తరు గద?" అని అడిగాడు. "తెస్తరు బావా," అన్నాను. నేనూ అలాగే నమ్మాను.

వానకాలం మొదట్లో ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. అక్క ఇంట్లో కరెంటు పోయి మిషన్ అరిచింది. బావకు సిలిండర్ తగిలించి అక్క తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఉన్నదారా?"

"ఉన్నదక్కా."

వాడు అబద్ధం చెప్పలేదు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది, ఎదురుగా టీవీ నడుస్తోంది. నిజానికి లైను ఎల్లారెడ్డికి ఇవతలే, కామారెడ్డి వైపు, చెట్టు పడి తెగిపోయింది. ఎల్లారెడ్డి మొత్తానికీ లైనులో కరెంటు లేదు. లైను పోగానే వాడి ఇంట్లో బ్యాటరీ అందుకుంటుంది, దీపం రెప్ప కూడా వేయదు. ఆ సంగతి అక్కకు తట్టలేదు, వాడికీ తట్టలేదు.

లేదన్నట్టయితే అక్క అప్పుడే ఆటో పిలిచేది. ఉన్నదన్నాడు కాబట్టి మన ఊరి ఫ్యూజే అనుకుంది, లైన్‌మన్ వచ్చేస్తాడనుకుంది. అతనికి ఫోన్ చేస్తే మోగింది కానీ ఎత్తలేదు. వానలో స్తంభం మీదున్న మనిషి ఫోన్ ఎలా ఎత్తుతాడు? సిలిండర్ మీది మీటరు ముల్లు కిందికి జారుతుంటే చూస్తూ ఆమె కూర్చుంది. చివరికి ఆటో పిలిస్తే, అది వచ్చింది. గుంతల పక్కన మెల్లగా పోతుండగా, ఎల్లారెడ్డిలో బ్యాటరీల మీద వెలిగే లైట్లు కనపడకముందే, బావ చేయి ఆమె చేతిలో బరువెక్కింది.

అక్క ఎవరినీ ఒక్క మాట అనలేదు. అందుకే మాకు భయం. మిషన్‌ను దవాఖానకు తిరిగిచ్చేశాం. అయినా బీడీలు చుడుతూ చుడుతూ ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగిపోతాయి, మంచం వైపు చెవి పెడుతుంది. కామారెడ్డిలో మా ఇంట్లోనూ ఇప్పుడు బ్యాటరీ ఉంది. లైను పోయినప్పుడు అది టక్కుమంటుంది, అంతే. ఆ చిన్న చప్పుడు చాలు. చేస్తున్న పని వదిలి బయటికి పోయి వీధిదీపం వెలుగుతోందా అని చూస్తాను. ఎల్లారెడ్డి బస్సులో పోతున్నప్పుడు ఆ గుంతలు కంటబడతాయని కళ్లు మూసుకొని కూర్చుంటాను, అక్క వాళ్ల ఊరి మలుపు ఇంకా దూరమే అయినా.

బ్యాటరీ మీద నాకు కోపం లేదు. అది అక్క గోడకు ఉండి ఉంటే బావ ఇవాళ నన్ను ఆటపట్టిస్తూ ఉండేవాడు. ఇప్పుడు మా ఆఫీసులో లైనుకు బదులు ఆ చివరి ఊళ్లకు ఒక పెద్ద బ్యాటరీ పెడితే చవకగా పోతుందేమో అంటున్నారు. ఆ ప్రతిపాదన రాస్తున్నది నేనే. నన్ను కాల్చేది వేరే సంగతి. గట్టిగా అరవగలిగిన వాళ్లందరూ ఎవరి వెలుగు వాళ్లు కొనుక్కొని ఊరుకున్నారు, మా కంపెనీకి అరుపులు తప్ప ఇంకేవీ వినపడవు. బావ గొంతులో అరిచేంత గాలి ఎక్కడిది?

మొన్న మళ్లీ వానలు మొదలయ్యాక తమ్ముడి ఇంటికి పోయాను. దీపాలు పెట్టే వేళ ఇద్దరం టీ తాగుతున్నాం. అక్క ఫోన్ చేసింది. వాడు స్పీకర్ నొక్కాడు.

"ఉన్నదారా?"

ఆ రోజు తరువాత ఆమె ఆ మాట అడగడం అదే మొదలు. కిటికీలోంచి చూశాను. వీధిదీపం వెలుగుతోంది, లైనులో కరెంటు నిజంగానే ఉంది. వాడూ చూశాడు. లేచి వెళ్లి ఇంటి మెయిన్ స్విచ్ దించాడు. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. చీకట్లో నిలబడి అన్నాడు:

"లేదక్కా."

అవతల వాన చప్పుడు వినిపిస్తోంది.

"గా దినం గూడ గిట్లనే అంటే ఏమైతుండెరా?" అంది అక్క.

తమ్ముడు స్విచ్ ఎత్తలేదు. నేనూ ఎత్తమనలేదు.