పాత రకం కంప్యూటర్లకు ఇంకో ప్యాకేజీ

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక, మా చర్చి హాల్లో. అంతకుముందు అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచేదాన్ని. హాల్లోని నాలుగు కంప్యూటర్లూ ఒక కాలేజీవాళ్లు వద్దని ఇచ్చేసినవే. డబ్బు కట్టక్కర్లేని లినక్స్ మీద నడుస్తాయి. అక్షరాన్ని నొక్కితే పైకి పలికే ప్రోగ్రాము ఒకటి వాటిలో ఉంది. అది లేకపోతే ఈ నాలుగు ముక్కలూ రాసేదాన్ని కాదు.

నా తర్వాత చేరిన ఆరుగురు ఆడవాళ్లు 'గ' దాకా వచ్చేసరికి ప్రోగ్రాము మూగబోయింది. ఆ క్లాసు నడిపేది టీచరైన మా కోడలే. నెట్‌లో చూసి సంగతి చెప్పింది. సరిచేసిన ప్యాకేజీ, అంటే ప్రోగ్రామును ఎక్కించుకునే మూట, వచ్చింది గానీ కొత్త కంప్యూటర్లకే. మావి పాత ముప్పైరెండు బిట్ల రకం. వాటికి ప్రతి ప్యాకేజీనీ మళ్లీ విడిగా తయారుచెయ్యాలి. ఆ పని ఎవరో జీతం లేకుండా చేస్తారు. ఇంకా ఎవరైనా వాడుతున్నారా, లేకపోతే ఆపేస్తామని వాళ్లు అడిగారట.

"నువ్వేం రాసేవు?" అన్నాను.

"వాడుతున్నామండీ, మీకు ఇబ్బందైతే పర్లేదండీ అని రాసేనత్తయ్యగారూ."

మా వైపు మర్యాద అది. కడుపు కాలుతున్నా 'ఇప్పుడే తిన్నామండీ' అంటాం. అవతలివాళ్లు నిజమే అనుకుని, అయితే ఆపేస్తామని జవాబిచ్చారు.

"పర్లేదని నీకెవరు చెప్పేరే? ఆ ఆరుగురినీ అడిగేవా?"

"ఊరికే చేసేవాళ్లని మొహమ్మీద ఎలా అడుగుతామండీ?"

"జరుగు."

ఒంటి వేలితో తెలుగులో కొట్టాను: 'పర్లేదన్నది అబద్ధం. మాకు కావాలి. ఆరుగురు గ దగ్గర ఆగిపోయారు.' కింద తను ఇంగ్లీషు చేర్చింది.

రెండు రోజులకు జవాబు. ఏ దేశపు మనిషో తెలియదు. అటకమీది తన పాత కంప్యూటరు దింపి, ప్యాకేజీ తయారుచేసి, అక్షరాలన్నీ నొక్కి చూశాడట. శబ్దం వస్తోంది గానీ సరైనదో కాదో తనకు తెలియదు, మీరు విని చెప్పగలరా అని అడిగాడు.

అరవై ఏళ్లు నాకెలా ఉండేవో, మన అక్షరాలు అతనికీ అలాగే వంకర గీతలు. వాటిని ఒక్కొక్కటీ నొక్కుతూ కూర్చున్నాడు, ముఖం తెలియని ఆరుగురి కోసం.

మర్నాడు అతను పంపినది ఎక్కించి, అందరం హాల్లో చేరి విన్నాం. 'ళ' ఒక్కటి తేడాగా పలికింది. తేడా ఉందని రాశాను. వారంలో అదీ సరిచేసి, అలాంటి కంప్యూటరున్న ఎవరైనా నెట్‌లోంచి దించుకునేలా పెట్టేశాడు.

ఆరుగురిలో పెద్దావిడ అందరికన్నా ముందుగా 'ఘ' నొక్కింది. నొక్కిన వేలు తియ్యకుండా నావైపు చూసి, "పలికిందండీ" అంది.