యాక్షన్ తక్కువున్న గిటారు

నలభై ఆరేళ్ళ వయసులో నాకు గిటారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. శావల్యాపురం నుంచి నరసరావుపేట బయల్దేరుతుంటే మా మామగారూ తోడొచ్చారు. ఆయనకి కాస్త చెవుడు. ఊరి తగాదాలతో పదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగిన మనిషి.

షాపాయన చవకలో ఉన్న గిటార్లు రెండు చూపించాడు. నాకు రెండూ ఒకేలా కనిపించాయి.

"కొత్తగా నేర్చుకునేవాళ్ళకి యాక్షన్ తక్కువుండాల మేడమ్. ఎక్కువుంటే వేళ్ళు తెగుతాయ్," అన్నాడు.

మామగారి మొహం మారిపోయింది. "ఏందయ్యా, మా ఊళ్ళో ఫ్యాక్షన్ ఎప్పుడో పోయింది."

"పూర్తిగా పోకూడదు సార్. కొంచెం ఉండాల."

"పదమ్మా పోదాం," అంటూ మామగారు గుమ్మం వైపు నడిచారు. యాక్షన్ అంటే ఏమిటో నాకూ తెలియదు. గిటారు మాటల్లోకి ఫ్యాక్షన్ ఎందుకొచ్చిందో అంతకన్నా తెలియదు. గిటారు పట్టుకుని ఇద్దరి మధ్యా అయోమయంగా నిలబడిపోయాను.

చివరికి షాపాయన తీగలకీ కింది చెక్కకీ మధ్యనున్న సందు చూపించాడు. "ఈ ఎత్తునే యాక్షన్ అంటారు పెద్దాయనా."

మామగారు గుమ్మం దగ్గర్నుంచి వెనక్కొచ్చి, వంగి చానాసేపు చూశారు. "అయితే ఇంకాస్త తగ్గించు. మా కోడలి వేళ్ళు తెగకూడదు."

ఇప్పుడు నేను గిటారు తీస్తే చాలు, "ఏమ్మా, ఫ్యాక్షన్ అదుపులో ఉందా?" అంటారు. మా ఇంట్లో ఆ మాటకి నవ్వడం ఇదే మొదలు.