సాయన్న పుట్టిలో అడ్మిరల్

మా సామ్యూల్ ఓడ వస్తోందంటే తిమింగలాలు పక్కకు జరిగి దారిచ్చేవని మనవళ్ళకు చెబుతుంటాను. రెండైతే సెల్యూట్ కూడా చేశాయి. ఇప్పుడు రాసేది మాత్రం నా కళ్ళతో చూసింది. అందుకే రుచి కాస్త తక్కువ.

సామ్యూల్‌ది తుంగభద్ర ఒడ్డున రాజోలి. తండ్రి యోహాను, తల్లి సారమ్మ ఏటా కాలువలు తవ్వే పనులకు వలసపోయేవారు. పిల్లవాణ్ణి గద్వాలలో మా కాన్వెంటు హాస్టల్లో వదిలారు. ఇద్దరిదీ ఒకే బెంచీ. లెక్కల పరీక్షలో అతని కాగితం చూసి రాసేవాణ్ణి. ఒకసారి అతని పేరు కూడా రాసేశాను.

కాన్వెంటు చదువయ్యాక పుణె దగ్గరి రక్షణ అకాడమీకి ఎంపికయ్యాడు. సముద్రం మొదటిసారి చూసింది ఆ తర్వాతే. నలభై దాటేసరికి మూడు వందల మంది ఉన్న యుద్ధనౌకకు కెప్టెన్. యాభై నాలుగో ఏట రియర్ అడ్మిరల్ పదవి ఖాయమైంది. ఆ వేడుకకు తల్లిని విశాఖ తీసుకెళ్ళాలని సెలవు మీద వచ్చాడు.

దసరా అయిన ఆ వారమే తుంగభద్ర పొంగింది. నన్ను చూడ్డానికి పొద్దున్నే గద్వాల వచ్చిన సామ్యూల్‌తో కలిసి, వరద కబురు తెలియగానే రాజోలికి పరుగెత్తాను. ఊరి బయట మెరక దగ్గరే దారి మునిగింది. వంద గజాల అవతల చర్చి స్లాబు మీద సారమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు. నీళ్ళు కిటికీలు దాటాయి. సాయానికి వచ్చిన మోటారు పడవ తుమ్మకంపలో ఇరుక్కుని ఆగింది. మిగిలింది ఊళ్ళో చేపలు పట్టే సాయన్న పుట్టి ఒక్కటే.

పుట్టి అంటే వెదురుతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. ఎంత పెద్దమనిషైనా అందులో గొంతుక్కూర్చోవాలి. తెడ్డు పట్టినవాడు చెప్పేదాకా కదలకూడదు.

సామ్యూల్ సాయన్న చేతిలోని తెడ్డు లాక్కున్నాడు. "నేను పోత, నువ్వు దిగు."

ముప్పై ఏళ్ళ అలవాటు. యుద్ధనౌక మీద నిలబడ్డట్టే నిలబడ్డాడు. పుట్టి రెండు చుట్లు తిరిగి బోర్లాపడింది.

నడుం లోతు నీళ్ళలోంచి లేచిన సామ్యూల్‌ను చూసి, సాయన్న పుట్టిని తిరగేస్తూ అడిగాడు. "ఏంది సామేలూ, మీ నౌకలల్ల గిట్లనే దిగుతరా?"

"జర జల్ది చెయ్ సాయన్నా. ఆడ మా అమ్మున్నది."

"నాకు పెద్దమ్మ గాదా? కూసో. నోరు మూస్కొని నీళ్ళు తోడు."

అడ్మిరల్ కూర్చున్నాడు. దారి పొడుగునా చెంబుతో నీళ్ళు తోడాడు.

కొడుకు బోర్లాపడటం సారమ్మ స్లాబు మీంచి చూసింది. పుట్టి దగ్గరికి రాగానే ఏమడిగిందో సాయన్న తర్వాత చెప్పాడు.

"తెడ్డు ఎవరి చేతుల ఉన్నది?"

"సాయన్న చేతులనే అమ్మా."

"గట్లయితే ఎక్కుత."

నలుగురూ ఎక్కితే సామ్యూల్‌కు చోటు లేదు. తను దిగి స్లాబు ఎక్కాడు. పుట్టి మెరక చేరేసరికి నీళ్ళు స్లాబు అంచు తాకుతున్నాయి. సారమ్మ సాయన్నను బీడీ కూడా ముట్టించనివ్వలేదు.

"నా కొడుకు ఆడనే ఉన్నడు. తిరుగు!"

సాయన్న తిరిగాడు. అరగంటకు సామ్యూల్ మెరక ఎక్కాడు. సారమ్మ ముందు అతని చెంప మీద ఒకటిచ్చింది. తర్వాత చెంగుతో తల తుడిచింది.