ఒంటి లైటు బాబాయి

మా బాబాయి ఎవరి మొహాన్నీ ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వడు. ఫొటోగ్రాఫరు కాబట్టి స్టూడియోలో ఆ పని చేస్తే ఎవరూ ఏమీ అనరు. ఈయన బస్సులోనూ, బ్యాంకులోనూ, చుట్టాలింట్లో భోజనాల బల్ల దగ్గరా కూడా చేస్తాడు. ఎదుటి మనిషి నోరు తెరవగానే "ఒక్క క్షణం. కాస్త కిటికీ వైపు తిరగండి. గడ్డం ముందుకు... ఇప్పుడు కిందికి... ఆఁ, ఇక చెప్పండి" అంటాడు. పాపం, అప్పటికి వాళ్ళు చెప్పదలుచుకున్నది మర్చిపోతారు.

ఒకసారి ఆయనకి జ్వరమొస్తే నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు నెత్తిమీద ట్యూబులైటు వెలుగుతోంది. బాబాయి తన జ్వరం సంగతి వదిలేసి ఆయన్నే తేరిపార చూశాడు.

"కళ్ళ కింద నీడ పడుతోందండీ. ఈ నీడలో మీరు జలుబని చెప్పినా నాకు పోయే కాలం వచ్చినట్టే వినిపిస్తుంది. ఆ టేబులు లైటు కాస్త పక్కకి జరపనా?"

జరిపాడు కూడా. నేను సిగ్గుతో చచ్చిపోయాను. డాక్టరు మాత్రం అద్దంలో చూసుకుని, పాస్‌పోర్టు ఫొటోలు తీస్తారా అని అడిగాడు.

పిన్ని గోడు వేరు. "కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈయనతో ఒక్క పోట్లాటైనా పూర్తిచేశానా చెప్పు! నేను కడుపుమండి అరుస్తుంటే, 'ఆ కోపం అలాగే ఉంచు, ఎడమ భుజం మాత్రం దించు' అంటారు. భుజం దించాక ఇంకేం కోపం?"

ఇలాంటి మనిషిని మా ఆఫీసుకి పిలవడం నా బుద్ధితక్కువే. కొత్తగా వచ్చిన మేనేజరుగారికి సిబ్బంది అందరి ఫొటోలూ హాల్లో గోడకి తగిలించాలని బుద్ధిపుట్టింది. వచ్చినవాళ్ళకి మామీద నమ్మకం కలగాలట. పని వేళకి చేస్తే కలుగుతుందేమోనని ఎవరూ అనలేదు. మొహాలన్నీ నేరుగా ఉండాలి, వెలుగు రెండు చెంపల మీదా సమానంగా పడాలి అని ఆర్డరు వేశారు. "మా బాబాయి ఉన్నాడు సార్" అని నోరు జారాను.

అందరూ సంబరపడ్డారు, రిసెప్షన్‌లో కూర్చునే అక్క తప్ప. ఆమధ్య ఆవిడ మొహానికి పక్షవాతం వచ్చి తగ్గింది గానీ, నవ్వితే కుడివైపు పెదవి లేవదు.

"గోడమీద నన్ను నేను రోజూ చూసుకుంటూ కూర్చోలేనమ్మా. ఆ ఫొటో పెట్టిన రోజే మానేస్తాను" అంది నాతో. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది.

మర్నాడు బాబాయి లైట్లు మోసుకుంటూ దిగాడు. అక్క మంచినీళ్ళిచ్చి, దారి చూపించింది. ఆయన ఆవిడతో రెండు మాటలు మాట్లాడాడు. కిటికీ అనలేదు, గడ్డం అనలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

లోపలికొచ్చి రెండు లైట్లూ బిగించి, వెలిగించి, ఒకదాన్ని ఠక్కున ఆర్పేశాడు. "ఇది పోయింది" అన్నాడు.

మొదట మేనేజరుగారు. చేతులు కట్టుకుని, ఛాతీ విరుచుకుని, గడ్డం పైకెత్తి నిలబడ్డారు.

"చేతులు దించండి సార్. అలా కట్టుకుంటే ధైర్యం కనిపించదు, చలేసినట్టుంటుంది. గడ్డం ఎత్తితే చూసేవాళ్ళకి మీ ముక్కు లోపల తప్ప ఏమీ కనిపించదు. ఒళ్ళు అటు తిప్పండి, మొహం కొంచెం ఇటు... కుడిచెంప నీడలోకి."

"నేరుగా అని చెప్పానుగా! సగం మొహం చీకట్లో పెడతారేంటి?"

"ఉన్నది ఒక్క లైటే సార్. అయినా జనానికి సగం చూపిస్తే చాలు. మిగతా సగం హోదా."

ఆ మాట మేనేజరుగారికి మహా నచ్చింది. అందరూ అదే వైపు తిరగాలని ఆయనే హుకుం జారీ చేశారు. అకౌంటెంటుగారు తన రెండో గడ్డం కూడా నీడలో దాచమని బతిమాలితే, "మెడ ముందుకు చాచి దించండి, అదే పోతుంది" అన్నాడు బాబాయి. ఆయన తాబేలులా మెడ చాచాడు. నిజంగానే పోయింది.

చివర అక్క వచ్చింది, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

"నవ్వక్కర్లేదమ్మా. ఆ తలుపు వైపు చూడు, చాలు" అన్నాడు బాబాయి.

అక్కడ మేనేజరుగారు తలుపు అద్దంలో చూసుకుంటూ హోదా సాధన చేస్తున్నారు. అక్క చేతిరుమాలు జారింది. ముందు ఆవిడ కళ్ళు నవ్వాయి. బాబాయి కెమెరా బటన్ నొక్కేశాడు.

ఫొటోలు గోడకెక్కాయి. మా ఆఫీసంతా ఏదో కుట్ర పన్నుతున్నట్టు ఒకే వైపు తిరిగి, కుడిచెంపలు దాచుకుని ఉంది. అందులో అక్క ఒక్కతే ఏదో దాస్తోందని చెప్పడం ఎవరితరమూ కాదు.

"నిజం చెప్పు బాబాయ్, ఆ లైటు పోయిందా?" అని అడిగాను.

"పిచ్చిదానా, ఒక్కరిని తిప్పితే ఎందుకని అడుగుతారు. అందరినీ తిప్పితే స్టైలంటారు" అన్నాడు.

నాకు ఆయన్ని గట్టిగా వాటేసుకోవాలనిపించింది.

అక్క ఉద్యోగం మానలేదు. వారం తిరక్కుండానే నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్ళింది.

"మీ బాబాయికి పని సరిగా రాదమ్మా. చూడు, నా జుట్టెలా అణిగిపోయిందో! ఇంకోటి తీయమను. ఈసారి రెండు లైట్లూ వేసి తీయమను."